రెండు వైపులా తొడుక్కునే చక్రాలు

నిప్పును ఎవరు కనిపెట్టారో చరిత్రకు తెలియదు. గుండీకి ఎదురుగా కాజా ఉండాలన్న ఆలోచన మొదట ఎవరికి తట్టిందో కూడా తెలియదు. నడుము కొలిచే ముందు కస్టమరును అత్తగారి క్షేమసమాచారం అడగాలన్న ఆవిష్కరణ విషయంలో మాత్రం ఇలాంటి సందేహాలకు తావు లేదు. అది వీధి మలుపులో, మెట్ల కింద ఇరుకు గదిలో, టైలరు మాస్టారి చేతుల మీదుగా జరిగింది.

దాని పూర్వరంగం ఇది. టేపు నడుము దాకా రాగానే మనిషన్నవాడు పొట్టను లోపలికి లాక్కుంటాడు. పేదా గొప్పా, ఆడా మగా తేడా లేదు. టేపు అమాయకురాలు, ఆ అబద్ధాన్ని నమ్ముతుంది. పది రోజులు తిరిగేసరికి ఆ అబద్ధం గుండీ రూపంలో తెగి కిందపడుతుంది, తిట్లు మాత్రం దర్జీ నెత్తిన పడతాయి. తరతరాల దర్జీలు దీన్ని తలరాత అనుకుని భరించారు. మాస్టారు భరించలేదు. టేపు చుట్టూ తిప్పి, రెండు కొసలూ కలిపే క్షణాన, "అన్నట్టు, మీ అత్తగారెలా ఉన్నారు?" అనేవారు. జవాబు చెప్పాలంటే ఊపిరి వదలాలి. ఊపిరి వదిలితే పొట్ట తన స్వస్థానానికి చేరుకుంటుంది. టేపు టక్కున బిగిసేది. పెళ్లి కానివాళ్లను పైఅధికారి గురించి అడిగేవారు. ఫలితంలో తేడా ఉండేది కాదు.

ఇంతటి ప్రతిభావంతుడికి చదువు చెప్పినవాడు మేనమామ. ఆయన నేర్పిన మొదటి పాఠం, మనిషిని నిటారుగా నిలబెట్టి కొలవాలని. రెండో పాఠం మొదలుపెట్టేలోగా ఆయన పోయాడు. మాస్టారు ఆ ఒక్క పాఠంతోనే కొట్టు పెట్టి, ఇల్లు నిలబెట్టి, సగం పేటకు కోట్లూ ప్యాంట్లూ కుట్టారు. కొట్టులో ఒక మిషను, ఒక నిలువుటద్దం, బరువైన ఇస్త్రీపెట్టె, మేనమామ కాలం నాటి కత్తెర ఉండేవి. ఆ కత్తెరతో కాగితం కోసినవాణ్ణి ఆయన మనిషిగా లెక్కించేవారు కారు.

భార్యను అందరూ మాస్టారమ్మ అనేవారు. కాజాలు కుట్టడం, గుండీలు పెట్టడం ఆవిడ శాఖ. మాస్టారు మాట్లాడితే మూడు గజాల గుడ్డ పరిచినట్టుండేది. ఆవిడ మాట కాజాలాంటిది: చిన్నది, చుట్టూ గట్టి, మధ్యలో కోత.

వీళ్లకు ఒక్కతే కూతురు. చదువయ్యాక ఒక ఆఫీసులో, చెవులకు హెడ్‌సెట్టు తగిలించుకుని, కోపంగా ఉన్నవాళ్ల ఫోన్లు ఎత్తే ఉద్యోగంలో చేరింది. కోపాలన్నీ చెవిలోంచి వెళ్లి వెన్నులో చేరాయి కాబోలు, మూడో ఏడు వచ్చేసరికి కుర్చీలోంచి లేవడానికి బల్ల పట్టుకోవలసి వచ్చేది. ఎవరో చెబితే సెలవు పెట్టి యోగా తరగతికి వెళ్లింది. నొప్పి పోయింది. పోయిన నొప్పి మీద కృతజ్ఞతతో తనే నేర్పడం నేర్చుకుని సర్టిఫికెట్టు తెచ్చుకుంది. ఇప్పుడు దగ్గర్లోని ఆరోగ్య కేంద్రంలో శిక్షకురాలి ఉద్యోగం ఖాళీ అయితే దరఖాస్తు పెట్టింది. ముగ్గురు పెద్దల ముందు ఒక నమూనా క్లాసు చెప్పాలి. వాళ్లు సరే అంటే ఆ ఉద్యోగం, కాదంటే మళ్లీ ఆ హెడ్‌సెట్టు. ఆఫీసు మేనేజరు సెలవు పొడిగిస్తూనే చెప్పాడు: "నెలాఖరుకి రాకపోతే నీ కుర్చీలో ఇంకొకళ్లని కూర్చోబెడతా. కుర్చీ ఖాళీగా ఉంటే నా మీద కేకలేస్తారు."

"చక్రాల గురించి అరగంట చెప్పమన్నారు నాన్నా," అంది అమ్మాయి ఓ సాయంత్రం కొట్టుకు వచ్చి. "మామూలు మనుషులకి అర్థమయ్యేలా. గోడకి ఒక పటం తగిలించి చెబుతాను."

మాస్టారు మిషను ఆపారు. "పటమా? దర్జీ కూతురివి, కాగితం పట్టుకెళ్తావా?"

"అందరూ పటమే చూపిస్తారు. మనిషి బొమ్మ, ఒంటి మీద ఏడు తామరపూలు."

"ఆ బొమ్మకి బట్టలుంటాయా?"

"ఉండవు."

"చూశావా మరి! బట్టల్లేనివాణ్ణి గోడకి వేలాడదీసి మా అమ్మాయికి ఉద్యోగం ఇవ్వండి అంటావా? నేను కోటు కుడతా. చేతుల్లేని కోటు. పూలు దాని మీద. నువ్వే తొడుక్కుని నిలబడు. ఇంతకీ ఎక్కడెక్కడ ఉంటాయవి?"

అమ్మాయి చెయ్యి పెట్టి చూపించింది. వెన్నుపూస మొదట్లో మూలాధారం, దాని పైన స్వాధిష్ఠానం, బొడ్డు దగ్గర మణిపూరం, గుండె దగ్గర అనాహతం, గొంతులో విశుద్ధం, కనుబొమల మధ్య ఆజ్ఞ, నడినెత్తిన సహస్రారం.

మాస్టారి ముఖం వెలిగిపోయింది. "ఇవన్నీ మన కొలతలే కదే! సీటు, హిప్పు, నడుము, ఛాతీ, మెడ. పై రెండూ టోపీవాడి పని."

ఆ మాట అంటుండగానే గుమ్మంలో మాస్టారమ్మ అన్నగారు ప్రత్యక్షమయ్యారు. ఆయన ఒక పెద్ద లైబ్రరీలో పనిచేసి రిటైరయ్యారు. ఎవరు ఏ మాట అన్నా దాని అడుగున ఇంకొక మాట చేర్చందే ఊరుకోరు గనక ఇంటిల్లిపాదీ ఆయన్ను చాటుగా పాదసూచిక అనుకునేవారు. ఎదురుగా మాత్రం బావగారు, మావయ్య, అన్నయ్య.

"బావా, ఋషులు ప్యాంట్లు కుట్టలేదు," అన్నారు పాదసూచిక, స్టూలు లాక్కుని కూర్చుంటూ. "ఏ రంగులేస్తున్నారమ్మా?"

"ఇంద్రధనుస్సు వరస మావయ్యా. కింద ఎరుపు, తర్వాత నారింజ, పసుపు, అలా పైకి వెళ్తే ఊదా."

"ఎవరు చెప్పారు?"

"పటంలో ఉంది."

"పటంలో ఉంటుంది. ఆ వరస కంటే నేనే వయసులో పెద్దవాణ్ణి. పాత గ్రంథాల్లో మణిపూరం పసుపు కాదు, నీటిమబ్బు రంగు. అనాహతం ఆకుపచ్చ కాదు, మంకెనపువ్వు ఎరుపు. విశుద్ధం పొగ రంగు. ఆజ్ఞ వెన్నెల్లా తెలుపు. రేకులకీ లెక్కుంది. కింద నుంచి నాలుగు, ఆరు, పది, పన్నెండు, పదహారు, రెండు. మొత్తం యాభై. సంస్కృతంలో యాభై అక్షరాలకి యాభై రేకులు."

"ఇంకా నెత్తి మీదది ఉందిగా?" అన్నారు మాస్టారు.

"దానికి వెయ్యి."

మాస్టారి చేతిలోని కత్తెర తనంతట తనే మూసుకుంది.

"అసలు ఏడని కూడా ఎవరూ ఒట్టేసి చెప్పలేదు," పాదసూచిక ఆగలేదు. "ఒకరు ఐదంటారు. ఒకరు ఆరని, పైదాన్ని లెక్కలోంచి తీసేస్తారు. తొమ్మిదన్నవాళ్లున్నారు, పన్నెండన్నవాళ్లున్నారు."

"ఒక కొలతకి రండి బావగారూ. ఒకే ఛాతీకి నాలుగు కొలతలు చెబితే నేనేం కుట్టను?"

"ఇంకొక్కటి. అవి ముందువైపు ఉండవు. వెన్నులో, లోపల ఉంటాయంటారు."

మాస్టారు కత్తెర బల్ల మీద పెట్టేశారు. దర్జీకి రంగు తప్పితే సర్దుకోవచ్చు, కొలత తప్పితే విప్పి కుట్టవచ్చు. ముందూ వెనకా తేలకపోతే గుడ్డే కోయలేడు.

"కనబడాలి గనక పటాల్లో ముందు వేస్తారు మావయ్యా," అంది అమ్మాయి.

"కనబడ్డానికి కాదమ్మా అవి, తలుచుకోడానికి. సాధకుడు కళ్లు మూసుకుని, ఇక్కడొక తామర ఉంది, రేకుకో అక్షరం ఉంది, మధ్యలో దేవత ఉంది అని మనసులో కట్టుకుంటాడు. అడుగునున్న శక్తిని ఒక్కో చోటూ దాటిస్తూ పైకి తీసుకెళ్తాడు. అదీ పద్ధతి."

మూల కూర్చుని కాజాలు కుడుతున్న మాస్టారమ్మ దారం తెంపింది. "అయితే కోసి చూస్తే డాక్టరుకి కనబడవా అన్నయ్యా?"

"కనబడవు."

"లేవన్నమాట."

అడుగున చేర్చడానికి పాదసూచిక స్టూలు ఆవిడ వైపు తిప్పుకున్నారు.

"పోన్లే," అంది ఆవిడే. "మీ బావ మొండితనం కూడా కోసి చూస్తే కనబడదు. ఇల్లంతా దాని మీదే నడుస్తోంది."

"మా కోర్సులో ఒక్కోదాన్నీ ఒక్కో గ్రంథితో కలిపి చెప్పారు," అంది అమ్మాయి. "గొంతుకి థైరాయిడ్, అలా."

"అది ఈ మధ్య కుదిర్చిన సంబంధం. పాతవాళ్లకి థైరాయిడ్ తెలీదు, డాక్టర్లకి తామరపువ్వు తెలీదు. మధ్యవర్తి చెప్పాడని ఇద్దరూ ఊరుకున్నారు."

అమ్మాయి లేచి నిలబడింది. "మావయ్యా, నేను మళ్లీ ఆ కుర్చీలోకి వెళ్లి ముక్కూ మొహం తెలీనివాళ్ల చేత తిట్లు తినాలా, వద్దా? అరగంటలో నేనేం చెప్పాలో అది చెప్పండి చాలు. నాకు తెలిసింది ఒక్కటే. వెన్ను నిలబెట్టి, ఊపిరి బొడ్డు దగ్గర ఎలా కదులుతోందో చూసుకుంటూ కూర్చోడం నేర్చుకున్నా. కొన్నాళ్లకి నా నొప్పి పోయింది. అది చక్రం వల్లో, కూర్చోడం వల్లో, ఆఫీసు మానడం వల్లో నాకు తెలీదు."

"ఆఫీసు మానడం వల్లే," అంది మాస్టారమ్మ.

మాస్టారు ఈ గొడవలో లేరు. ఆయన ఒక పాత కోటును తిరగేసి లోపలి అస్తరు వైపు చూస్తున్నారు. చాలాసేపు చూసి, తలెత్తి, "రెండూ కుడదాం," అన్నారు.

అలా పుట్టింది రెండు వైపులా తొడుక్కునే కోటు. ఒక వైపు పాత రంగులు, పాత రేకులు, తామరలన్నీ వీపున, వెన్ను వెంబడి. తిరగేస్తే ఇంద్రధనుస్సు, తామరలన్నీ ముందువైపు. సంప్రదాయానికీ ఆధునిక భావానికీ మధ్య రగిలిన సరిహద్దు తగాదాను అస్తరు వేసి పరిష్కరించడం దౌత్య చరిత్రలో అదే మొదలు. పాదసూచిక కూడా ఒప్పుకున్నారు, "రెండిటికీ మధ్యలో ఏం పెడుతున్నావు బావా?" అని మాత్రం అడిగారు.

"కాన్వాసు," అన్నారు మాస్టారు. "లేకపోతే రేకులు వాలిపోతాయి."

కొట్టులోని కత్తిరింపులన్నీ రేకులయ్యాయి. ఎవరిదో స్కూలు యూనిఫారం ముక్క నీటిమబ్బయింది, ఎవరిదో కిటికీ తెర మంకెనపువ్వయింది. సహస్రారానికి తెల్లగుడ్డ టోపీ కుట్టి, చుట్టూ కుచ్చులు దగ్గరదగ్గరగా పోశారు. "వెయ్యి కావాలి బావా," అని పాదసూచిక గుర్తు చేస్తే, "లెక్కపెట్టి తక్కువైతే చెప్పండి," అన్నారు మాస్టారు. పాదసూచిక నిజంగానే టోపీ చేతికి తీసుకున్నారు, మాస్టారమ్మ టీ ఇచ్చి టోపీ వెనక్కి పుచ్చుకుంది. టోపీ ముందు అంచున, కనుబొమల మధ్యకు వచ్చేలా, ఆజ్ఞా చక్రాన్ని వేలాడదీశారు.

ట్రయలు అద్దం ముందు జరిగింది.

"నిటారుగా నిలబడు తల్లీ. కదలకు." మాస్టారు నడుము దగ్గర టేపు తిప్పారు. "అన్నట్టు మీ అత్తగారెలా ఉన్నారు?"

"నాకు పెళ్లి కాలేదు నాన్నా."

"సరే, మీ మేనేజరెలా ఉన్నాడు?"

అమ్మాయి పెద్ద ఊపిరి వదిలింది. టేపు బిగిసింది. మణిపూరం బొడ్డు మీద అచ్చుగుద్దినట్టు కూర్చుంది. మిగతావి కూడా వెంట్రుకవాసి అటూ ఇటూ కాలేదు. పాదసూచిక వెనక్కి వెళ్లి వీపు పరిశీలించి, రేకులు సరిచూసి, పదవీకాలంలో ఏ పుస్తకానికీ ఇవ్వని కితాబు ఇచ్చారు: "తప్పుల్లేవు."

నమూనా క్లాసు రోజున మాస్టారు కోటు మోసుకొచ్చినవాడి హోదాలో వెంట వెళ్లారు. ఆరోగ్య కేంద్రం హాల్లో నున్నటి చెక్క నేల, ఒక గోడ నిండా అద్దం, మూల చుట్టి నిలబెట్టిన చాపలు. ముగ్గురు పెద్దలు కుర్చీల్లో ఉన్నారు: కేంద్రం మేనేజరు, అక్కడికి వారానికోసారి వచ్చే డాక్టరు, సభ్యుల తరఫున ఒక పెద్దావిడ. డాక్టరు ఫోను చూసుకుంటున్నాడు. మాస్టారు వెనక వరసలో కూర్చుని ముగ్గురి భుజాలూ కంటితోనే కొలిచి, డాక్టరు కోటు ఎవరో చేతకానివాడు కుట్టాడని నిర్ధారించుకుని కొంత ధైర్యం తెచ్చుకున్నారు.

అమ్మాయి మొదట వీపు తిప్పి పాత తామరలు చూపించింది. రేకుల సంగతి, అక్షరాల సంగతి చెప్పింది. తర్వాత కోటు విప్పి తిరగేసి, ఇంద్రధనుస్సు వైపు తొడుక్కుని ఎదురు తిరిగింది. పెద్దావిడ, "అబ్బ, ఎంత బావుందో!" అంది. డాక్టరు ఫోను లోంచి తలెత్తాడు. మాస్టారి ఛాతీ కొలత ఆ క్షణాన కొంత పెరిగింది.

"ఇప్పుడు అందరం నేల మీద కూర్చుందాం," అంది అమ్మాయి, బాసిపట్లు వేసుకుని కూర్చుంటూ.

మేనమామ నేర్పకుండా పోయిన రెండో పాఠం ఏమిటో మాస్టారికి అప్పుడు తెలిసింది. యోగాలో మనిషి ఎక్కువసేపు నిలబడడు.

కోటు అంచు నేలకు తగిలి పైకి లేచింది. కాన్వాసు వంగదు, రేకులు వాలవు. మూలాధారం ఒళ్లో మడతపడి మాయమైంది. స్వాధిష్ఠానం బొడ్డు మీదికి వచ్చింది, మణిపూరం గుండెకెక్కింది, అనాహతం గొంతుకెక్కింది. గొంతులోది నోటికి అడ్డంగా నిలబడింది. మెడపట్టీ టోపీని వెనక నుంచి ఎగదోస్తే ఆజ్ఞ జారి ముక్కు మీద వేలాడింది. అమ్మాయి ఏదో అంటోంది గానీ అది గుడ్డ లోపలే ఉండిపోతోంది.

"అమ్మా," అన్నాడు డాక్టరు, "మీ శక్తి చాలా తొందరగా పైకొచ్చేసినట్టుంది."

మేనేజరు నవ్వు ఆపుకోడానికి కిటికీ వైపు చూశాడు. వెనక వరసలో మాస్టారు లేచి నిలబడి జేబులోంచి సుద్దముక్క తీశారు. దాంతో ఏం చేద్దామనుకున్నారో ఆయనకే తెలియదు.

అమ్మాయి టోపీ తీసి పక్కన పెట్టింది. కోటు విప్పి దాని మీద పెట్టింది. చెంపలు ఎర్రబడ్డాయి గానీ వెన్ను వంగలేదు.

"కుట్టినవి జరిగిపోయాయండీ," అంది. "పటం మీద గీసినవైతే జరగవు, కానీ పటానికి కూర్చోడం రాదు. ఒక వైపు మీరు చూసినవి పాతవాళ్లు ధ్యానానికి పెట్టుకున్న గుర్తులు. రెండో వైపువి ఈ కాలంవాళ్లు పెట్టుకున్న రంగులు. రెండూ ఎక్స్‌రేలో రావు. ధ్యాస ఎక్కడ నిలపాలో తెలియనివాళ్లకి ఇవి ఒక చోటు చూపిస్తాయి. నేను నేర్పగలిగేది అంతవరకే."

డాక్టరు ఫోను బోర్లించాడు. "గొంతు చక్రం తెరుచుకుంటే థైరాయిడ్ నయమవుతుందని మాత్రలు మానేసి నా దగ్గరికి వస్తున్నారు. మీ క్లాసుకి అలాంటివాళ్లొస్తే ఏం చెబుతారు?"

హాల్లో అందరూ అమ్మాయి వైపే చూశారు. ఉద్యోగం ఆ ప్రశ్న మీదే ఉందని సుద్దముక్క పట్టుకున్నాయనకు కూడా అర్థమైంది.

"మాత్ర వేసుకుని రమ్మంటానండీ. నయం చేసేది మీరు. నేను కూర్చోడం నేర్పుతాను."

"కోర్సులో అలాగే చెప్పారా?"

"లేదండీ. కోర్సులో తెరుచుకుంటుందనే చెప్పారు."

డాక్టరు కుర్చీలోంచి దిగి, చెప్పులు విప్పి, నేల మీద కూర్చున్నాడు. మిగతా ఇద్దరూ కూడా దిగారు. అమ్మాయి కళ్లు మూసుకోమంది, ఊపిరి బొడ్డు దగ్గర కదలడం గమనించమంది. పది నిమిషాల తర్వాత కళ్లు తెరవమంది.

"నాకేం తామర కనబడలేదమ్మా," అంది పెద్దావిడ కళ్లు తెరిచి.

"కనబడక్కర్లేదండీ."

"మోకాలు మాత్రం ఇంతసేపూ గుర్తు రాలేదు."

రెండు రోజుల తర్వాత కేంద్రం మేనేజరు ఫోను చేసి వచ్చి చేరమన్నాడు. అమ్మాయి హెడ్‌సెట్టు ఆఫీసులో అప్పగించి వచ్చింది.

ఈ విజయానికి కారణం ఏమిటన్న విషయంలో మెట్ల కింద గదిలో ఏకాభిప్రాయం కుదరలేదు. కోటును రెండు వైపులా కుట్టడమే కారణమన్నారు మాస్టారు. డాక్టరూ, కేంద్రం మేనేజరూ నవ్వారంటే మనసులో సగం ఒప్పుకున్నట్టేనని ఆయన వాదన. మణిపూరం నీటిమబ్బు రంగులో ఉండడం వల్ల వాళ్లకు గురి కుదిరిందన్నారు పాదసూచిక. దానికి అడుగున, ఇంద్రధనుస్సు వైపు లేకపోయినా ఏమీ నష్టముండేది కాదని చేర్చారు. ఇద్దరి మాటా విని మాస్టారమ్మ, "పిల్ల కోటు విప్పింది గనక వచ్చింది," అని దారం కొరికింది. మాస్టారు భోజనం దాకా మిషను తొక్కుతూనే ఉన్నారు. అమ్మాయి నవ్వింది. కేంద్రంవాళ్లు ఆమెకు కారణం చెప్పలేదు, ఆమె అడగనూ లేదు.

మాస్టారు మాత్రం ఆ రోజు నుంచి చేతిలో పని పక్కన పెట్టి కొత్త కోటు గురించి ఆలోచించసాగారు. ఇది కూర్చోడానికి వీలైన కోటు. కాన్వాసు ఉండదు. నడుము దగ్గర రెండు మడతలు దాస్తారు, కూర్చున్నప్పుడు అవి విచ్చుకుని ఏ తామరనూ చోటు కదలనివ్వవు. ప్రపంచంలో ఏ శిక్షకురాలికీ అలాంటి దుస్తులు ఉండబోవని ఆయన భార్యతో అన్నారు. గుడ్డ ఎంపిక చేశారు. ఈసారి కూతుర్ని నిలబెట్టి కాదు, స్టూలు మీద కూర్చోబెట్టి కొలిచారు. నలభై ఏళ్ల వృత్తిలో అది విప్లవమే.

ఉద్యోగంలో చేరిన రోజున కేంద్రంవాళ్లు అమ్మాయికి యూనిఫారం ఇచ్చారు. తెల్ల టీషర్టు, నల్ల ప్యాంటు, ప్లాస్టిక్ కవరులో రెడీమేడ్‌వి. మాస్టారు వాటిని తొడుక్కోమని చెప్పి నిలబెట్టి చూశారు, కూర్చోబెట్టి చూశారు, వంగమన్నారు, చేతులెత్తమన్నారు. మీడియం సైజు. సరిగ్గా సరిపోయింది.